పర్లాకిమిడి ఫోనుకు ఏ కీబోర్డు మేలు: హెలీబోర్డా, అన్‌ఎక్స్‌పెక్టెడా?

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో కొట్టు నడిపేవాళ్ల వాట్సాప్ తెరిస్తే, ఆంధ్ర వైపున్న పాతపట్నం నుంచి రావలసిన సరుకు మాట తెలుగులో, ఊళ్లో బాకీల మాట ఒడియాలో ఉంటుంది. ఒక్కోసారి ఒకే మెసేజ్‌లో రెండూ. భాష మార్చడానికి మాటిమాటికీ గ్లోబు మీట నొక్కడం విసుగు. సొంత లేఅవుట్ (మీటల అమరిక) చేసుకుందామంటే ఓపెన్‌సోర్సులో నాకు నచ్చినవి రెండు: హెలీబోర్డు, అన్‌ఎక్స్‌పెక్టెడ్ కీబోర్డు. రెండూ ఎఫ్-డ్రాయిడ్‌లో (ఆండ్రాయిడ్ ఓపెన్‌సోర్సు యాప్‌లు దొరికే చోటు) దొరుకుతాయి.

రాసుకోవడానికి హెలీబోర్డే సులువు. లైనుకో మీట, నొక్కి పట్టుకుంటే రావలసినవి పక్కనే ఖాళీ వదిలి రాయాలి, కొత్త వరుసకు ఒక లైను వదిలేయాలి. ‘క ఖ’ అని రాస్తే క మీద వేలు ఆపగానే ఖ వస్తుంది. ఇదంతా ఫోన్ సెట్టింగుల్లోనే అయిపోతుంది. షిఫ్ట్ నొక్కితే వేరే అక్షరం రావాలంటే మాత్రం జేసన్‌లోకి (కోడులా రాసే ఒక పద్ధతి) దిగాలి, అక్కడ ఒక్క కామా పోయినా లేఅవుట్ ఎక్కదు.

అన్‌ఎక్స్‌పెక్టెడ్‌లో మొదటినుంచీ ఎక్స్‌ఎంఎల్లే, అదీ కోడులా రాసే పద్ధతే. కానీ పడ్డ కష్టం ఊరికే పోదు. ఒక్కో మీటకు నడిమి అక్షరం కాక చుట్టూ ఎనిమిది దిక్కులున్నాయి. మధ్యలో తెలుగు క, పై మూలలో ఖ, కింది మూలలో ఒడియా క పెట్టుకుంటే వేలు అటు జరిపితే చాలు, భాష మార్చే పనే ఉండదు. మన అక్షరాలకు ఇంగ్లీషులోలా పెద్దబడి, చిన్నబడి (క్యాపిటల్, స్మాల్) లేవు కాబట్టి షిఫ్ట్‌కు ఏం రావాలో విడిగా రాసుకోవాలి.

చేసిన లేఅవుట్‌ను పరీక్షించే దగ్గర ఎవరూ ఓపిక పట్టరు, అసలు సంగతి అక్కడే ఉంది. స్త్రీ, జ్ఞానం సరిగ్గా పడ్డాయని సంబరపడకండి, ‘బస్‌లో’ కొట్టి చూడండి. స కింద ల ఒత్తు పడి ‘బస్లో’ అయితే, రెంటినీ విడదీసే కనపడని అక్షరానికి మీట పెట్టలేదన్నమాట. యూనికోడ్‌లో (అక్షరాలన్నిటికీ సంఖ్యలిచ్చే ప్రమాణం) దాని సంఖ్య దశాంశాల్లో 8204, మామూలుగా U+200C అని రాస్తారు. ఒడియాలో చిక్కు ఇంకోటి: చుక్క ఉన్న డ. ఒడిశా పేరులోనే ఉందది. దాన్ని ఒకే సంకేతంగానూ రాయొచ్చు, డ, చుక్క అని రెండుగానూ రాయొచ్చు. చూపుకు తేడా తెలీదు, కానీ కాంటాక్టుల్లో వెతికితే పేరు దొరక్కపోవచ్చు. యూనికోడ్ సాధారణీకరణలో (ఒకే అక్షరానికున్న వేర్వేరు రాతలను ఒకే రూపంలోకి తేవడం) మిగిలేది రెండు సంకేతాల రూపమే కాబట్టి మీటలో అదే పెట్టండి. తర్వాత వెనక్కి చెరిపి, చుక్క ఒక్కటే పోతోందా, అక్షరమంతా పోతోందా చూసుకోండి.

ఎక్కువగా తెలుగే రాసేవాళ్లకు హెలీబోర్డు చాలు. మీ మాటలు నేర్చుకుంటుంది, నిఘంటువు ఫైలు ఎక్కించుకోవచ్చు. రెండు లిపులు కలిపి రాసేవాళ్లకు నా ఓటు అన్‌ఎక్స్‌పెక్టెడ్‌కే. ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం దాని జోలికి పోవద్దు, మూలల్లో చిన్న అక్షరాలు వాళ్లకు ఆనవు. వాళ్లకు హెలీబోర్డులో రెండు లేఅవుట్లు పెట్టి, స్పేస్‌బార్ మీద వేలు జరిపి మార్చుకోవడం నేర్పండి.

మూలల్లో ఇంకా చోటుంది కదా అని సవర భాష లిపి కూడా పెడదామనుకుంటే, ఆ లిపి, అంటే సొరాంగ్ సొంపెంగ్, 2012లోనే యూనికోడ్‌లో చేరింది. ముందు ఫోన్లో దాని ఫాంటు ఉందో లేదో చూడండి. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే తప్పు లేఅవుట్‌ది కాదు.