షార్ట్ బ్యాక్ పోనీకి జీను కొంటున్నారా, డబ్బులు కట్టేముందు ఇది చదవండి

పోనీ (పొట్టి రకం గుర్రం) ఉన్నవాళ్ళకి, ముఖ్యంగా వీపు పొట్టిగా ఒళ్ళు గుండ్రంగా ఉండే పోనీ ఉన్నవాళ్ళకి రాస్తున్నా. ఈమధ్య ఆన్‌లైన్‌లో "షార్ట్ బ్యాక్ స్పెషల్" అని పెట్టి అమ్ముతున్న జీను ఒకటి కొన్నాను. నేతిబీరకాయలో నెయ్యెంతో ఆ జీనులో షార్ట్ బ్యాక్ అంత. డబ్బులు పోయాయి సరే, ఎలాగో సర్దుకుంటాం, కానీ పోనీ వీపు పాడైంది, అదీ నా కడుపుమంట. నేను చేసిన తెలివితక్కువ పనులు కూడా దాచకుండా రాస్తున్నా, నవ్వుకుంటే నవ్వుకోండి.

ముందు మా పోనీ సంగతి. పీపాలా ఉంటుంది. మూపు దగ్గర ఎత్తనేదే లేదు, వీపు బల్లపరుపుగా ఉంటుంది, భుజం ఎక్కడ అయిపోయిందో చూసుకునేలోపు నడుము వచ్చేస్తుంది. మా అమ్మాయీ ఎక్కుతుంది, అప్పుడప్పుడు నేనూ ఎక్కుతా. అమ్మాయి పాత జీనులో నేను ఇరుక్కుపోయి వెనక అంచు మీదకి వెళ్ళిపోతున్నా, నా తొడ పొడుగుకి 17 అంగుళాల సీటు కావాలి, పోనీ వీపేమో అంత జీను మోసేంత పొడుగు లేదు. ఈ గొడవ తెలిసినవాళ్ళకి తెలుసు, మనిషికి సరిపోతే గుర్రానికి పట్టదు, గుర్రానికి పడితే మనిషి పట్టడు.

సరిగ్గా అప్పుడు ఆ ప్రకటన కనబడింది. వివరాలు అడిగితే అమ్మకందారు నన్ను అడిగినవి రెండే రెండు, మీ సీటు సైజు ఎంత, పోనీని పక్కనుంచి తీసిన ఫోటో ఒకటి పంపండి అని. అబ్బో ఫోటో అడిగాడంటే తెలిసినవాడే అనుకున్నా. ఫోటో చూసి "మేడమ్ మీ పోనీ కోసమే చేసినట్టుంది" అన్నాడు, పైగా గల్లెట్ (జీను ముందు భాగం లోపలుండే గట్టి ప్లేటు) మార్చుకునే మోడల్ కాబట్టి ఏ గుర్రానికైనా పడుతుందన్నాడు. ఇక్కడే ఒకటి చెప్పాలి. గల్లెట్ ప్లేటు మారిస్తే మారేది జీను ముందు భాగం వెడల్పు ఒక్కటే, లోపలున్న ట్రీ, అంటే జీనుకి ఎముకల గూడులాంటి గట్టి చట్రం, దాని పొడుగూ మారదు, దాని వంపూ మారదు. కాలర్ గుండీ సర్దుకున్నంత మాత్రాన చొక్కా పొడుగు తగ్గుతుందా? ట్రీ అడుగుభాగం ఉయ్యాల బద్దలా వంపు తిరిగి ఉండి వీపు బల్లపరుపుగా ఉంటే, ఎన్ని ప్లేట్లు మార్చినా ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటుంది. ఇంకోటి, ఒక కంపెనీ వైడ్ ఇంకో కంపెనీకి మీడియం కావచ్చు, అందరికీ ఒకే కొలత అని ఏమీ లేదు, కాబట్టి మాకు వైడ్ కావాలి అని మాత్రం చెప్పి కొనకండి.

జీను వచ్చింది. చూడ్డానికి ముద్దుగా ఉంది, తోలు వాసన, కుట్లు నీట్‌గా. పోనీ మీద పెట్టి చూస్తే వెనక అంచు నడుము మీదకి దాదాపు అరచేయి వెడల్పు వెళ్ళింది. నాకే డౌటొచ్చి ఫోటో పంపా. ఆయన సలహా ఏంటంటే "మేడమ్ ఇంకో రెండంగుళాలు ముందుకు జరిపి వేయండి, తోలు కొత్తది కదా, వాడగా వాడగా సెటిలవుతుంది". నేను జరిపాను. దయచేసి మీరెవరూ ఈ పని చేయకండి.

ఎందుకో చెప్తా, ఇది నాకు తర్వాత ఫిట్టర్ (జీను గుర్రానికి సరిపోయిందో లేదో కొలిచి చూసే మనిషి) వచ్చి పోనీ ముందుకాలు పట్టుకుని లాగి చూపించేదాకా బుర్రకెక్కలేదు. గుర్రం ముందుకాలు ముందుకి చాపినప్పుడు భుజం పలక పైభాగం వెనక్కి తిరుగుతుంది, ఒక్క అంగుళమో అరంగుళమో కాదు, చెయ్యి పెట్టి చూస్తే మన వేళ్ళని తోసేస్తుంది. జీను ముందు భాగంలో ట్రీకి రెండు వైపులా గట్టి కొసలుంటాయి కదా, జీనుని ముందుకు తోస్తే అవి సరిగ్గా ఆ భుజం మీద కూర్చుంటాయి. ప్రతి అడుగుకీ ఎముక వెళ్ళి ఆ కొసకి గుద్దుకోవడమే. దాంతో పోనీ అడుగులు పొట్టివవుతాయి, తడబడుతుంది, దిగుడులో దిగనంటుంది. అదొక్కటే కాదు, భుజం మీదకెక్కిన జీను ముందు వైపు పైకి లేస్తుంది, కూర్చున్న మనిషి వెనక్కి జారుతుంది, బరువంతా వెనక అంచులోంచి నడుము మీద పడుతుంది. అంటే నడుముని కాపాడదామని ముందుకు జరిపితే భుజమూ పోయింది, నడుమూ పోయింది.

పోనీ మాత్రం మొదటి వారం నుంచే చెప్తూనే ఉంది, వినలేదు నేను. జీను కనబడగానే చెవులు వెనక్కి పెట్టడం, గర్త్ (జీను జారకుండా పొట్ట కింద నుంచి కట్టే పట్టీ) బిగిస్తుంటే తల తిప్పి కొరకబోవడం, తోక ఊరికే విసరడం. నేనేమో బద్ధకం ఎక్కువైంది, తిండి ఎక్కువైంది అని తిట్టా. మా అమ్మాయే అంది, "అమ్మా, అది నీ మీద కోపం కాదు, జీను మీద కోపం, ఒట్టి వీపు మీద నేనెక్కితే ఏమీ అనట్లేదు చూడు" అని. పిల్లకి తెలిసింది నాకు తెలియలేదు.

చెమట మరకల విషయంలో కూడా బోల్తా పడ్డా. స్వారీ అయ్యాక జీను తీస్తే వీపంతా తడిగా ఉంది, భుజాల వెనక రెండు వైపులా అరచేయంత, వెనక నడుము దగ్గర ఇంకొంచెం పొడిగా ఉన్నాయి. పొడిగా ఉందంటే రాపిడి లేదు, మంచిదే అనుకున్నా! చుట్టూ తడిసి మధ్యలో పొడి మచ్చ ఉందంటే అక్కడ చెమట కూడా పట్టనంత ఒత్తిడి పడుతూ ఉండొచ్చు. జీను అసలు తగలని చోట కూడా పొడిగానే ఉంటుంది, వెన్నెముక గాడి దగ్గర అలా ఉండడం మామూలే, అందుకని మరక చూసి ఊరుకోకుండా వేళ్ళతో నొక్కి చూడండి, వెంట్రుకలు చెదిరాయా, వేడిగా ఉందా, నొక్కితే పోనీ వీపు కిందకి దించేస్తోందా. మాది నడుము దగ్గర వేలు పెట్టగానే కూలబడినంత పని చేసింది. ఆ రోజుతో జీను పక్కన పెట్టేశా.

డాక్టరుకి చూపించాం, కొన్ని వారాలు వీపు మీద ఏమీ వేయొద్దన్నారు. ఆ తర్వాతే బుద్ధొచ్చి ఫిట్టర్‌ని పిలిచా. కొనకముందు పిలవాల్సింది.

ఆవిడ చేసిన మొదటి పని జీను వైపు చూడకుండా సుద్దముక్కతో పోనీ ఒంటి మీద రెండు గీతలు గీయడం. ఒకటి భుజం పలక వెనక అంచు వెంబడి. రెండోది చివరి పక్కటెముక. ఇది చాలామంది తప్పుగా వెతుకుతారట, వెన్నెముక దగ్గర వెతికితే కండ కింద దొరకదు, పొట్ట పక్కన వేళ్ళతో నొక్కి చివరి ఎముక పట్టుకుని దాని వెంటే పైకి వెళ్ళాలి, పైకి వెళ్ళేకొద్దీ అది ముందుకి వంగుతుంది, అందుకే మనం అనుకున్నదానికంటే చోటు ఇంకా తక్కువ. గుర్రానికి మామూలుగా 18 జతల పక్కటెముకలు, వెన్నులో ఆ చివరి జత అతుక్కునే పూస దాటాక నడుము పూసలు మొదలవుతాయి, వాటికి పక్కటెముకల ఆసరా ఉండదు. బరువు అక్కడ పడకూడదనేది అందుకే. మా పోనీకి రెండు గీతల మధ్య వచ్చింది 15న్నర అంగుళాలు. తర్వాత జీనుని బోర్లా వేసి కింద ప్యానెల్ (జీను అడుగున ఉండే మెత్త) వీపుకి ఆనే పొడుగు కొలిచింది, 18న్నర. మూడంగుళాలు తేడా! ఇక మాట్లాడ్డానికేముంది.

అసలు నేను అందరికీ చెప్పదలచుకుంది ఇదే. సీటు సైజు అంటే ముందున్న గుండీ నుంచి వెనక అంచు మధ్య దాకా కొలిచేది, అది మన పిరుదుల కొలత, గుర్రం వీపు కొలత కాదు. 17 అని రాసున్న రెండు జీనులు పక్కపక్కన బోర్లా వేస్తే ఒకదాని ప్యానెల్ ఇంకోదానికంటే బాగా పొట్టిగా ఉండొచ్చు. ప్యానెల్ వెనక భాగం పడవ కొసలాగా పైకి లేచి ఉంటే వీపుకి ఆనే పొడుగు తగ్గుతుంది, పొట్టి వీపులకి వెతకాల్సింది అలాంటిది. నాకు అంటగట్టినదానికి వెనక వైపు లోతైన గసెట్ (ప్యానెల్‌ని మందంగా చేసే అదనపు తోలు పట్టీ) ఉంది, దిండులా అంచు దాకా వీపుకి ఆనుకుని ఉంటుంది, పొడుగు వీపు గుర్రానికి అది మంచిదే. "షార్ట్ బ్యాక్" అని బోర్డు పెట్టుకోడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, అదో రూలు కాదు కొలత కాదు, ఎవరైనా రాసుకోవచ్చు.

అలాగని దొరికిన అన్నిటికన్నా పొట్టి ప్యానెల్ పట్టుకొచ్చేయకండి. ఆనే చోటు తగ్గితే అదే బరువు చిన్న జాగాలో పడుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. ప్యానెల్ వెడల్పుగా ఉండాలి, అదే సమయంలో మధ్య గాడి వెన్నుపూసకి తగలకుండా మూడు నాలుగు వేళ్ళు పట్టేంత ఉండాలి, ముందు నుంచి వెనక దాకా అంతే ఉండాలి, వెనకకి వెళ్ళేకొద్దీ సన్నబడేవి చాలా ఉన్నాయి. రైడరూ జీనూ కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదని చాలామంది పాటించే లెక్క ఒకటుంది, కానీ మా పీపాలాంటి పోనీకి ఆ బరువులో చాలా కొవ్వే, దాన్ని కూడా బలం కింద లెక్కేసుకుంటే మనల్ని మనం మోసం చేసుకోవడమే. ఫిట్టర్ మొహమాటం లేకుండా చెప్పింది, "16 సీటు, ఫ్లాట్‌గా ఉండేది, తొడ దగ్గర కాలు కదలకుండా ఆపే బ్లాకులు చిన్నవి ఉన్నది దొరికితే మీరు కూర్చోవచ్చు, దొరక్కపోతే మీరు దిగాలి, అమ్మాయి ఎక్కాలి" అని. చివుక్కుమంది కానీ నిజం.

గర్త్ గురించి కూడా. ఇలాంటి గుండ్రటి పోనీలకి గర్త్ పడే గాడి బాగా ముందుకి, మోచేయి వెనకే ఉంటుంది, గర్త్ అక్కడికే వెళ్ళి కూర్చుని జీనుని కూడా తనతో లాక్కెళ్తుంది. మనం సరైన చోట వేసినా పది నిమిషాల్లో భుజం మీదుంటుంది. పాయింట్ స్ట్రాప్ (ట్రీ ముందు కొస నుంచి వేలాడే గర్త్ పట్టీ) ఉన్న జీనైతే కొంత ఆపుతుంది, ముందుకి వంపు తిరిగిన గర్త్‌లు కూడా ఉన్నాయి, కొందరు తోక కింద నుంచి పట్టెడ వేస్తారు. కొనేముందు బకిల్ పట్టీలు ఎక్కణ్ణించి వేలాడుతున్నాయో చూడండి.

దళసరి ప్యాడ్ వేయమనేవాళ్ళ మాట నమ్మకండి, మా అమ్మకందారు రెండో సలహా అదే. ఇరుకు జాకెట్టు లోపల స్వెట్టర్ తొడుక్కుంటే వదులవుతుందా? ట్రీలెస్ తీసుకోమని కూడా కొందరన్నారు, ట్రీ లేకపోతే కొలత అక్కర్లేదనుకుంటారు, వెన్నుపూస మీద బరువు పడకుండా గాడి ఉన్న ప్యాడ్ దానికీ కావాలి, పొడుగెక్కువైతే అదీ నడుము మీదకే వెళ్తుంది. వెస్టర్న్ (కౌబాయ్ తరహా) జీనుల్లో వెనక స్కర్టు, అంటే కింద వేలాడే తోలు, గుండ్రంగా కత్తిరించి ఉంటే షార్ట్ బ్యాక్ అంటారు, లోపల బార్లు, అంటే వీపు మీద ఆనే ట్రీ బద్దలు, ఎంత పొడుగో కూడా అడగండి.

ఇక రిటర్న్ భాగోతం. మాటల్లో 7 రోజుల ట్రయల్ అన్నాడు. మూడో రోజే సందేహం చెప్పా, ముందుకు జరపండి, ప్యాడ్ వేయండి, ఇంకో నాలుగు రైడ్లు చూడండి అంటూ ఆ 7 రోజులూ దాటించేశాడు. తర్వాత వెనక్కి తీసుకోమంటే పట్టీల మీద బకిల్ గుర్తులున్నాయి, ఫ్లాపు (కాలి కింద పక్కకి వేలాడే తోలు) మీద రికాబు తోలు గీరింది, ఇది వాడిన జీను అన్నాడు. గర్త్ కట్టకుండా జీను ట్రయల్ చేయడం ఎలాగో ఆయనకే తెలియాలి. ఉన్ని నింపిన ప్యానెల్ అని చెప్పాడు, ఫిట్టర్ చూస్తే లోపల ఫోమ్, అంటే ఉన్నిలాగా తీసి సర్ది నింపే అవకాశమూ లేదు. నా చేతిలో ఏముంది, ఫోన్‌లో మాటలు తప్ప రాతలో ఒక్క ముక్క లేదు. అందుకే ట్రయల్ ఎన్ని రోజులు, ఏ గుర్తులు పడితే వాడినట్టు లెక్క, రానూపోనూ ఖర్చు ఎవరిది, ఇవన్నీ మెసేజ్‌లో రాయించుకోండి. విప్పగానే అన్ని వైపులా ఫోటోలు తీసుకోండి, రికాబు తోళ్ళకి పాత సాక్సులు తొడగండి, జీను కింద పల్చటి శుభ్రమైన గుడ్డ వేయండి. డౌటొచ్చిన రోజే రిటర్న్ అని రాతలో చెప్పేయండి, "సెటిలవుతుంది" అన్నాడంటే మీ గడువు కరిగిపోతున్నట్టే.

ఇప్పుడు పోనీ కోలుకుంటోంది, చేత్తో పట్టుకుని నడిపిస్తున్నాం, నొక్కితే మునుపటంత ఉలిక్కిపడట్లేదు. భుజం వెనక ఎడమ వైపు కొత్తగా వచ్చే వెంట్రుకలు కొన్ని తెల్లగా వస్తున్నాయి, ఒత్తిడికి చర్మం దెబ్బతిన్న చోట అలా వస్తాయట, ఇక మామూలు రంగు రాకపోవచ్చు కూడా. బ్రష్ చేసినప్పుడల్లా కనబడతాయి.

ఇంత రాయడానికి కారణం, నిన్న అదే అమ్మకందారు ఇంకో జీను పెట్టాడు, అదే "షార్ట్ బ్యాక్ స్పెషల్" మాట, అదే గల్లెట్ కబుర్లు. ఫోటోలు తొమ్మిదో పదో ఉన్నాయి, అన్నీ ముందునుంచో పైనుంచో తీసినవే, బోర్లా వేసి ప్యానెల్ చూపించింది ఒక్కటి లేదు. కొందామనుకునేవాళ్ళు ఆ ఒక్క ఫోటో అడగండి, పక్కన టేపు పెట్టి తీయమనండి. నేను అడిగా, చూసి కూడా జవాబివ్వలేదు.