ప్రీస్కూళ్ల నాణ్యత: పిల్లలకు పరీక్షా, తరగతి పరిశీలనా, పేటల మ్యాపా?

ఒక నగరంలో వందల ప్రీస్కూళ్లు ఉన్నాయి. వాటిని బాగుచేయడానికి డేటా సేకరించాలని నగరపాలక సంస్థ నిర్ణయించింది. ఉన్న డబ్బు ఒక్క రకం డేటాకే సరిపోతుందనుకుందాం. దేనికి ఖర్చు పెట్టాలి?

బడికెన్ని గదులు, టీచరుకెంతమంది పిల్లలు, టీచరు ఏం చదివారు లాంటి లెక్కలు ముందు పక్కన పెడదాం. అవి అవసరమే. ఒక్క టీచరు మీద నలభైమంది పసివాళ్లుంటే మిగతా చర్చంతా వృథా. కానీ అదే డిగ్రీ, అంతేమంది పిల్లలు ఉన్న రెండు గదుల మధ్య నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉండొచ్చు. ఆ తేడా ఈ లెక్కల్లో కనపడదు.

అధికారులకు తొందరగా నచ్చేది పిల్లల పరీక్ష. చివరికి పిల్లలకేం వచ్చిందన్నదే కదా ముఖ్యం అంటారు. మాట నిజమే, చిక్కంతా వయసుతోనే. నాలుగేళ్ల పిల్లకు నిద్ర చాలకపోయినా, ఎదురుగా కొత్త మనిషి కూర్చున్నా నోరు విప్పదు. ఇవాళ పది బొమ్మల పేర్లు గడగడా చెప్పి రేపు నాలుగింటితో ఆపేస్తుంది. పైగా ఏడాది చివర ఒక్కసారే పరీక్ష పెడితే తెలిసేది ఆ బడికి ఎలాంటి ఇళ్ల పిల్లలు వస్తున్నారన్నది, బడి చేసిన పని కాదు. మొదట్లో ఒకసారి, చివర ఒకసారి పెట్టి పోల్చాలి. ఇక ఆ మార్కులకు ర్యాంకులో, గ్రాంటులో ముడిపెట్టారంటే అసలుకే మోసం. అక్షరాలు, అంకెలు కొలవడం తేలిక కాబట్టి టీచర్లు వాటినే బట్టీ పట్టిస్తారు. కబుర్లు, ఆటలు, కథలు మూలకు పోతాయి. టీచర్లను తప్పుపట్టను, ఆ టెన్షన్‌లో ఎవరైనా అదే చేస్తారు.

తరగతి పరిశీలన వేరే దారి. శిక్షణ పొందినవాళ్లు గదిలో కూర్చుని టీచరూ పిల్లలూ ఎలా మెలుగుతున్నారో చూస్తారు. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ పియాంటా బృందం తయారుచేసిన ‘క్లాస్’ పద్ధతి బాగా వాడుకలో ఉంది. పిల్లలతో ఆప్యాయత, గది నిర్వహణ, ఆలోచింపజేసే బోధన అనే మూడు విషయాలకు 1 నుంచి 7 దాకా స్కోరు ఇస్తారు. చాలాచోట్ల మొదటి రెండూ ఫర్వాలేదనిపిస్తాయి, మూడోదే అడుగున ఉంటుంది. టీచరుకు పనికొచ్చే సమాచారమంటే ఇదీ. “ఇదేం రంగు?” అని అడిగి వదిలేయడం వేరు. “రాయి మునిగింది, ఆకు ఎందుకు తేలింది?” అని అడిగి, పిల్ల చెప్పిన జవాబును పట్టుకుని ఇంకో ప్రశ్న వేయడం వేరు. ఆ తేడాను ఎదురుగా చూపిస్తే టీచరు వచ్చే వారమే మార్చుకోగలరు.

దీనికీ లోపాలున్నాయి. ఖర్చెక్కువ. ఒకరు 5 వేసిన గదికి ఇంకొకరు 4 వేస్తారు కాబట్టి పరిశీలకులను మధ్యమధ్యలో పరీక్షించుకోవాలి. ఈ స్కోరుకూ పిల్లల చదువుకూ ఉన్న సంబంధం కూడా అధ్యయనాల్లో అంత గట్టిగా తేలలేదు. అందుకే 4.2 వచ్చిన బడి కంటే 4.5 వచ్చిన బడి మేలని ప్రకటించడం హాస్యాస్పదం.

ఏ పేటలో పిల్లల ఎదుగుదల ఎలా ఉందో చూపే మ్యాపు కథ వేరు. కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఇ.డి.ఐ. అనే ప్రశ్నావళిలో వందకు పైగా ప్రశ్నలుంటాయి. ఆరోగ్యం, స్నేహాలు, భావోద్వేగాలు, భాష, మాట్లాడే తీరు గురించి టీచరే ఒక్కో పిల్లకూ నింపుతారు. ఫలితాలు మాత్రం పేటల వారీగా చెబుతారు. ఆస్ట్రేలియా 2009 నుంచి మూడేళ్లకోసారి దేశమంతా దీన్ని జరుపుతోంది. కొత్త ప్రీస్కూళ్లు ఎక్కడ తెరవాలన్న ప్రశ్నకు దీన్ని మించింది లేదు. ఉన్న బడిలో సోమవారం ఉదయం ఏం మార్చాలో మాత్రం ఇది చెప్పదు.

అమెరికాలోని బోస్టన్ నగరం అనుభవం ఇక్కడ చూడదగ్గది. 2005లో అప్పటి మేయర్ థామస్ మెనినో నాలుగేళ్ల పిల్లలందరికీ ప్రీస్కూల్ అన్నారు. తరగతులు వేగంగా పెరిగాయి. బయటి పరిశోధకులు చూస్తే నాణ్యత అంతంతమాత్రం. నగరం ఆ నివేదికను అటకెక్కించలేదు. భాషకొకటి, లెక్కలకొకటి గట్టి పాఠ్యక్రమం తెచ్చింది, టీచర్ల పక్కన కూర్చుని నేర్పే కోచ్‌లను పంపింది. రెండు వేల మందికి పైగా పిల్లలను చూసిన అధ్యయనం 2013లో అచ్చయింది. పదసంపద, లెక్కలు, చదవడంలో మంచి ఎదుగుదల కనిపించింది. ఆ నిర్ధారణ వచ్చింది పిల్లల పరీక్షలతోనేనని ఒప్పుకోవాలి. అయితే ఆ పరీక్ష చూసింది కార్యక్రమం పనిచేసిందా లేదా అని, ఫలానా టీచరు పాసా ఫెయిలా అని కాదు.

నన్నడిగితే ముందు తరగతి పరిశీలనకే డబ్బు పెట్టమంటాను, పిల్లల పరీక్ష రెండు మూడేళ్లకోసారి కొద్దిమందికి చాలు. అయితే కోచ్‌లకు డబ్బు లేకపోతే పరిశీలన కూడా వద్దు, ఆ మొత్తంతో ఇంకొందరు టీచర్లను తీసుకోవడం నయం. ఏ పద్ధతి అమ్మేవాళ్లు వచ్చినా నేనైతే మొదట అడిగేది, ఈ స్కోరు టీచరు చేతికి ఎన్నాళ్లకు చేరుతుందని. ఏడాది అన్నారంటే, అప్పటికి ఆ పిల్లలు ఆ గదిలో ఉండరు.