బోటు డీజిల్ ఇంజన్ ఆగుడు: ఫిల్టర్ జామా, లైన్‌ల గాలా?

ఏటూరునాగారం కాడ గోదావరిల మా బావ బోటు మొన్న నడిమిట్ల ఆగింది, అందరూ ఫిల్టర్ మార్చుమన్నరు. ఫిల్టర్ జామైతే ఐడ్లింగ్‌ల మంచిగనే ఉంటది, రేస్ ఇచ్చి లోడ్ పడ్డంకనే దమ్ము పోతది. డీజిల్ వచ్చే పైపుల (లైన్‌ల) గాలి జొర్రితే వేరే కథ, పొద్దుగాల స్టార్టే కాదు, అయినా ఆర్పీఎం ఎక్కుడు దిగుడు, ఉత్తగనే బందైతది. బావది గిదే, ట్యాంకు దిక్కు లోపల కనపడే ప్లాస్టిక్ పైపు పెట్టి సూస్తే సన్న బుడగలు వరుసగ వస్తున్నయ్, ఒక క్లిప్పు లూజు (బయటికి డీజిల్ కారలే, అక్కడ పంపు గుంజుతది కాబట్టి గాలే లోపలికి పోతది). క్లిప్పు బిగించి, ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ (గాలి బయటికి తీసే స్క్రూ) వదులు చేసి, నురగ పోయి ఒట్టి డీజిల్ వచ్చేదాక చేతిపంపు కొట్టినం. ఫిల్టర్ మార్చినా గాలి తియ్యాల్సిందే, గది మర్చిపోయి సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దించుకునేటోళ్లు మస్తుమంది. నేనైతే ముందు గాలే సూస్త, పైస ఖర్చు లేదు.