బాత్‌రూమ్ మార్పులో మురుగు పైపులు, గాలి గొట్టం: పాలకొల్లు ప్లంబింగ్ బృందం పనితీరు

పాలకొల్లు పరిసరాల్లో పాత ఇళ్ల బాత్‌రూములను తిరిగి కట్టే ఒక ప్లంబింగ్ బృందం చేత ఈ వేసవిలో మా ఇంట్లో పని చేయించుకున్నాము. టైల్స్ గురించి, కుళాయిల గురించి చెప్పేవారికి కొదవ లేదు. గచ్చు కింద, గోడ లోపల ఉండిపోయే పైపుల పని గురించి చెప్పేవారు తక్కువ. ఈ బృందానికి మేము ఇచ్చిన డబ్బుకు తగిన ఫలితం ఆ కనపడని పనిలోనే దక్కింది కనుక దాని గురించే వివరంగా రాస్తున్నాను.

మాది మేడ ఉన్న పాత ఇల్లు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు రావడంతో కింది బాత్‌రూములో నేల బేసిన్ తీసి కమోడ్ పెట్టించాలనుకున్నాము. దానికి తోడు పాత బాధ ఒకటి ఉంది. పైన ఫ్లష్ చేసినప్పుడల్లా కింద నహానీ ట్రాప్ (స్నానపు నీరు దిగే జాలీ కింద, కొంత నీరు నిలిచి ఉండే గిన్నెలాంటి భాగం) గుడగుడమనేది, ఆ తరువాత చాలాసేపు మురుగు వాసన కొట్టేది. అంతకుముందు చూసిన వారందరూ జాలీ మార్చమనో, యాసిడ్ పోయమనో చెప్పి వెళ్లారు. ఈ బృందపు మేస్త్రీ మాత్రం వచ్చీ రాగానే మేడ ఎక్కి, మురుగు గొట్టం పై బాత్‌రూము దగ్గరే బెండుతో ఆగిపోయిందనీ, పిట్టగోడ దాటి పైకి వెళ్లలేదనీ చూపించి, "గాలి ఆడకపోతే నీరు దిగదండి, బాబుగారూ" అని నాన్నగారితో అన్నారు.

ఆయన చెప్పిన కారణం సరైనదే. నిలువు గొట్టంలో నీరు ఒక్కసారిగా జారినప్పుడు తన ముందున్న గాలిని కిందికి నెడుతుంది, వెనుక ఉన్న గాలిని లాగుతుంది. పైన గాలి రావడానికి దారి లేనప్పుడు ఆ లాగుడు కింది ట్రాపుల మీద పడి, వాటిలో అడ్డుగా నిలిచి ఉండే నీటిని పీల్చేస్తుంది. వాసనను, బొద్దింకలను ఆపేది సుమారు 50 మిల్లీమీటర్ల ఆ నీటి అడ్డే కాబట్టి, అది పోయాక ఎంత ఖరీదైన జాలీ పెట్టినా ఉపయోగం ఉండదు. దీనికి వీరు రెండు మార్పులు చేశారు. మొదటిది, 110 మిల్లీమీటర్ల నిలువు గొట్టాన్ని అదే వెడల్పుతో పిట్టగోడ పైకి ఎత్తి, కొసన టోపీ బిగించారు. రెండవది, కింది కమోడ్‌ను ఆ గొట్టానికి కలపకుండా విడి పైపుతో నేరుగా బయటి ఛాంబరుకు, అంటే ఆవరణలో మురుగు పైపులు కలిసే తొట్టికి తీసుకువెళ్లారు. పై నుంచి పడే నీటి ఒత్తిడి ఎక్కువగా ఉండేది గొట్టం అడుగునే కాబట్టి, కింది అంతస్తును వేరుచేయడం తెలివైన పని. కింది కమోడ్ పైపుకు 75 మిల్లీమీటర్ల గాలి గొట్టాన్ని తగిలించి, దాన్ని గోడ వెంట పైకి నడిపించి, పై అంతస్తు వాష్‌బేసిన్ అంచుకన్నా ఎత్తున పెద్ద గొట్టంలో కలిపారు. ఇంకా కిందనే కలిపి ఉంటే, ఎక్కడైనా అడ్డం పడిన రోజున మురుగు గాలి గొట్టంలోకే ఎక్కేది.

మన డెల్టాలో ఇంతకన్నా చిక్కైన విషయం వాటం, అంటే నీరు పారడానికి పైపుకు ఇచ్చే ఏటవాలు. వీధి రోడ్డును వేసిన ప్రతిసారీ ఎత్తు పెంచుతూ పోవడం వల్ల మా ఇంటి ఆవరణ రోడ్డుకన్నా పల్లంలోకి వెళ్లింది. సెప్టిక్ ట్యాంకును ఇంకా లోతుకు దించుదామంటే, కాలువలు పారే రోజుల్లో రెండు మూడు అడుగులు తవ్వితేనే నీరు ఊరుతుంది. అందుకే వీరు గచ్చు పగలగొట్టకముందే నీళ్ల గొట్టంతో మట్టాలు చూసి, కమోడ్ నుంచి ట్యాంకు వరకు ఎంత వాటం దొరుకుతుందో గోడ మీద సుద్దతో రాసుకున్నారు. 110 పైపుకు నలభైకి ఒకటి చొప్పున, అంటే ఎనిమిది అడుగులకు దాదాపు రెండున్నర అంగుళాల వాటం ఇచ్చారు. అందుకు తగ్గట్టు బాత్‌రూము గచ్చును కొద్దిగా ఎత్తు చేయవలసి వచ్చింది. నాన్నగారు గడప దగ్గర తట్టుకోకుండా ఆ ఎత్తును మెట్టుగా వదలక ఏటవాలుగా కట్టడం నాకు ఎంతో నచ్చింది.

కమోడ్ పైపు మధ్యబిందువును కూడా ప్లాస్టరు గోడ నుంచి కొలవక, రాబోయే టైల్స్ మందాన్ని, దాని కింది సిమెంటును కలుపుకొని కొలిచారు. ఒక అంగుళం తేడా వస్తే కమోడ్ గోడకు ఆనుకోదు, లేదా అసలు కూర్చోదు. వాష్‌బేసిన్ నీటిని నహానీ ట్రాప్‌లోకి వదిలారు. దాంతో స్నానం చేయని వేళల్లో కూడా ట్రాప్ ఎండిపోదు.

సామాను విషయంలో ఫిర్యాదు లేదు. మురుగుకు, వాడిన నీటికి, వాననీటికి వాడే ఎస్‌డబ్ల్యూఆర్ ప్లాస్టిక్ పైపుల్లో వాననీటికి, గాలికి ఉద్దేశించిన పలుచని ఏ రకం, మురుగుకు ఉద్దేశించిన మందమైన బి రకం అని రెండు ఉంటాయి. ఐఎస్ 13592 అనే ముద్రతో పాటు ఈ రకం కూడా పైపు మీద అచ్చువేసి ఉంటుంది. వీరు మురుగుకు బి రకమే తెచ్చారు. మా నల్లమట్టి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది కనుక ఆవరణలో పైపు కింద ఇసుక పరిచి, గోడ దాటే చోట రబ్బరు రింగు జాయింటు పెట్టారు.

లోపాలు కూడా చెప్పాలి. ఛాంబరుకు ముందున్న మలుపులో మొదట శుభ్రం చేసుకునే తలుపు లేని బెండు వేశారు. నేను గట్టిగా అడిగిన తరువాతే మార్చారు. పైపుల నోళ్లు మూసి నీరు నింపి ఒక రాత్రి ఉంచే పరీక్షను టైల్స్ మేస్త్రీ వచ్చి కూర్చున్నాడన్న కారణంతో తప్పించబోయారు. పట్టుపట్టి చేయించగా ఒక జాయింటు చెమర్చింది. ఆ రాత్రి చేయించకపోయి ఉంటే ఆ చెమ్మ టైల్స్ కింద చేరేది. పైపులు ఎక్కడ ఏ లోతున ఉన్నాయో చూపే గీత ఏదీ కాగితం మీద ఇవ్వలేదు. గచ్చు మూయకముందు గోడకు టేపు ఆనించి మేమే ఫోటోలు తీసుకున్నాము.

అన్నిటికన్నా పెద్ద లోటు ట్యాంకు నుంచి బయటికి వెళ్లే నీటి గురించి వీరి దగ్గర ఆలోచనే లేకపోవడం. నేలలో నీటిమట్టం ఇంత పైన ఉన్న చోట ఇంకుడు గుంత పనిచేయదు. ఆ నీరు వీధి కాలువలో, అక్కడి నుంచి పంట కాలువలో కలుస్తుంది. ఎన్నో ఊళ్ల మంచినీటి చెరువులు నిండేది ఆ పంట కాలువల నుంచే. ట్యాంకు పక్కన కంకర నింపిన వడపోత గది కట్టే పద్ధతి ఉంది. అది అడిగితే తమ పని కాదన్నారు.

టైల్స్ మాత్రమే మార్చుకునేవారికి ఈ బృందం అవసరం లేదు, ఖర్చు ఎక్కువవుతుంది. కమోడ్ చోటు మారుస్తున్నవారు, మేడ మీద కొత్త బాత్‌రూము కడుతున్నవారు తప్పక పిలవవచ్చు. వేసవిలో కాలువలు కట్టేసిన సమయంలోనే పని పెట్టుకోండి. అప్పుడు గోతిలో నీరు ఊరదు. ట్యాంకు ఖాళీ చేయించవలసి వచ్చినా భయం ఉండదు. వానాకాలంలో ఖాళీ ట్యాంకును నేలలోని నీరు పైకి లేపేసే ప్రమాదం ఉంది. గాలి గొట్టం టోపీకి సన్నని దోమల వల బిగించమని ముందే చెప్పండి, వీరు అడగనిదే వేయరు. బోదకాలు వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమ సెప్టిక్ ట్యాంకుల్లాంటి మురుగు నీటిలో గుడ్లు పెడుతుంది, వల లేని గొట్టం దానికి రాకపోకల దారి అవుతుంది.