పలాస జీడిపప్పా, పైడిభీమవరం కంపెనీయా?

మా శ్రీకాకుళం జిల్లాలో వలస పోకుండా బతకాలంటే ముందుగా గుర్తొచ్చేవి రెండు: పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమ, పైడిభీమవరం మందుల కంపెనీలు. ఒకవైపు చిన్న చిన్న జీడి యూనిట్లు, మరోవైపు పెద్ద కంపెనీలు. పనికి ఏది మేలు?

అసలు పెద్ద కంపెనీ అని దేన్ని అనాలి? ప్రభుత్వ లెక్కలో 2025 ఏప్రిల్ నుంచి యంత్రాలపై పెట్టుబడి 125 కోట్లు గానీ, టర్నోవర్ 500 కోట్లు గానీ దాటితే అది ఇక మధ్యతరహా కాదు, పెద్దదే.

కెమిస్ట్రీ చదివిన కుర్రాడికి నేనైతే కంపెనీయే చెబుతాను. నెల తిరిగేసరికి జీతం, పీఎఫ్, ఈఎస్ఐ. పలాసలో పిక్కలు కొట్టే, తొక్క తీసే ఆడవాళ్లకి ఆ భరోసా తక్కువ. 20 మంది లోపు పనిచేసే చోట పీఎఫ్ తప్పనిసరి కాదు. జీడి పిక్క తొక్కలోని రసం తగిలి చేతులు కాలుతున్నా అదే పని. నాకు ఇదే బాధ.

కానీ పలాసలో యజమాని వీధి చివరే ఉంటాడు. ఒకరి దగ్గర పొసగకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లొచ్చు. పెద్ద కంపెనీలో నిర్ణయం ఎక్కడో నగరంలో జరుగుతుంది. అది మూతపడితే గేటు ముందు టీ కొట్టు, అద్దె గదులు, ఆటోలు అన్నీ ఒకేసారి ఆగిపోతాయి.