సన్‌షవర్ ఎల్పీ: కోనసీమ చెమ్మలో జపాన్ పాట వినాలంటే

జపాన్ పాత పాప్ పాటల్లో మన కుర్రాళ్లకు ముందుగా తగిలేవి మరియా టకెఉచి ‘ప్లాస్టిక్ లవ్’, మికి మత్సుబారా ‘స్టే విత్ మీ’. అక్కడే ఆగిపోవద్దు. 1977లో వచ్చిన గాయని తయేకో ఓనుకి ఆల్బమ్ ‘సన్‌షవర్’ అంతకన్నా లోతైన సరుకు. వాద్యాల కూర్పు సంగీతకారుడు ర్యుయిచి సకమోటోది. డ్రమ్స్ వాయించింది న్యూయార్క్ ‘స్టఫ్’ బృందపు క్రిస్ పార్కర్. అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. 2017లో జపాన్ టీవీలో, ఈ రికార్డు కోసమే అమెరికా నుంచి వచ్చిన ఒకాయన్ని చూపించాక గిరాకీ మళ్లీ పెరిగింది.

అందులో తప్పక వినాల్సింది మొదటి వైపు నాలుగో పాట ‘తోకాయ్’. పట్నపు రాత్రుల తళుకు చాలు, రోజు గడుపుకునే బతుకు మానేసి ఇంటికి పోదాం రమ్మనే పాట. గొంతు ఎక్కడా అరవదు. డ్రమ్స్ కూడా తొందరపడవు, బేస్ గిటార్‌కి చోటిచ్చి నడుస్తాయి. ఫోన్ స్పీకర్‌లో ఆ బేస్ సగం మాయమైపోతుంది కాబట్టి ఇది ఎల్పీ (సూదితో వాయించే పెద్ద రికార్డు) మీద వినదగ్గ పాటే.

చిక్కల్లా ఆ నాలుగో స్థానంతోనే. అయిదు పాటల వైపులో నాలుగోది అంటే రికార్డు మధ్యకు దగ్గరగా ఉంటుంది. అంచు దగ్గర సెకనుకు 50 సెంటీమీటర్ల పైగా గాడి (పాట చెక్కిన సన్నటి గీత) సూది కింద నడిస్తే, లోపలి కొసకు వచ్చేసరికి అది 20 చిల్లరకు పడిపోతుంది. కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకునే భాగం) కాస్త వంకరగా ఉన్నా ‘స’, ‘ష’ అక్షరాలు బుసకొడతాయి. ప్రొట్రాక్టర్ కాగితం (సూది కోణం చూపే గీతల కాగితం) పెట్టి సరిచేయాలి. గుండ్రటి మొన కంటే ఎలిప్టికల్ (కోలమొన) సూది మేలు. ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్ అయితే సూది గాడిని నొక్కే బరువు 2 గ్రాములు పెట్టండి. తేలిగ్గా ఉంటే గాడి ఇంకా పాడవుతుంది.

జపాన్ నుంచి సెకండ్‌హ్యాండ్ టర్న్‌టేబుల్ కూడా తెప్పించే ఆలోచన ఉంటే జాగ్రత్త. అక్కడ 100 వోల్టులు, మనకు 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్ పెడితే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా, పశ్చిమ జపాన్‌లో వాడే 60 హెర్ట్జ్ పుల్లీ (బెల్టు తిప్పే చిన్న చక్రం) ఉన్న, కరెంటు హెర్ట్జ్‌ని బట్టి తిరిగే ఏసీ మోటారు మన 50 హెర్ట్జ్ మీద నిమిషానికి 33 చుట్లకు బదులు 28 లోపే తిరుగుతుంది, పాట ఈడ్చుకుపోతుంది. డీసీ మోటారున్నది అయితే ఈ బెడద లేదు.

కొనేది 1977 నాటి ముద్రణ కానక్కర్లేదు, కొత్త ముద్రణ చాలు. రికార్డును అట్టలోంచి తీసి పక్కన పెట్టి ప్యాక్ చేయమని అమ్మేవారికి ముందే రాయండి, లేకపోతే దారిలో కుదుపులకు అట్ట అంచు చీలుతుంది. నవంబరు, ఫిబ్రవరి మధ్య తెప్పించుకోవడం మంచిది. మే నెలలో భీమవరం దాకా వ్యాన్‌లో ఉడికిన పార్సిల్‌లో రికార్డు వంగిపోవచ్చు. కస్టమ్స్ సుంకానికి విడిగా డబ్బు ఉంచుకోండి.

వచ్చాక అసలు శత్రువు చెమ్మ. జూలై నుంచి అక్టోబరు దాకా అమలాపురం, రాజోలు ఇళ్లలో గోడకు ఆనించిన బీరువాలో కాగితపు లోపలి కవర్లు బూజు పడతాయి. ఆ బూజు గాడిలోకి దిగితే చిటపటలు వస్తాయి. కాగితపు కవరు తీసేసి యాంటీస్టాటిక్ పాలిథీన్ కవరు వేయండి. రికార్డులు నిలువుగా, గోడకు జానెడు ఎడంగా పెట్టి, పక్కన సిలికా జెల్ సంచులు ఉంచండి. కడగడానికి బోరు నీళ్లు వద్దు, సముద్రం దగ్గరి ఊళ్లలో అవి ఉప్పగా ఉండి ఆరాక గాడిలో ఉప్పు పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్ నాలుగు పాళ్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక పాలు చాలు. బ్యాటరీ షాపులో నీళ్లు కొంటే ఆసిడ్ కలపనివని అడిగి తీసుకోండి. ఇంట్లో తాతల నాటి లక్క రికార్డులుంటే మాత్రం వాటికి ఈ నీళ్లు తగలనివ్వొద్దు, ఆల్కహాల్‌కి లక్క కరుగుతుంది.

అట్ట పక్కన చుట్టి వచ్చే సన్నటి కాగితపు పట్టీని ఓబీ అంటారు. తర్వాత అమ్మాలనుకుంటే ధర చాలావరకు దానిమీదే ఉంటుంది. మన ఉక్కకు అది పీవీసీ కవరుకు అతుక్కుపోతుంది కాబట్టి పై కవరు కూడా పాలిథీన్‌దే వేయండి.