వాటికన్ మ్యూజియంలో దివ్యసత్ప్రసాద చిత్రాలు: ఏ గోడ ముందు ఆగాలి?

వాటికన్ మ్యూజియం టికెట్ 20 యూరోలు, ఆన్‌లైన్‌లో ముందే తీసుకుంటే మరో 5. ఆ 5 పెట్టడమే మేలు, క్యూలో పోయే సమయం లోపల పనికొస్తుంది. సిస్టీన్ చాపెల్ ఒక్కటే లెక్క అనుకొని పరుగుతీసేవాళ్లు కతోలిక విశ్వాస సత్యాలను అతి స్పష్టంగా చెప్పిన గోడలను దాటేస్తారు. పూజలో క్రీస్తు శరీరంగా మారుతుందని కతోలికులు నమ్మే అప్పమే (పలుచని గోధుమ రొట్టె) దివ్యసత్ప్రసాదం. దాని మీద ఉన్న మూడు చిత్రాల కోసమే వెళ్లినా డబ్బు గిట్టుతుంది.

ముందు పినకోతెకా (చిత్రాల గ్యాలరీ) చూడండి. సిస్టీన్ దాకా నడిచాక వెనక్కి వచ్చే ఓపిక మిగలదు. ఇక్కడ చిత్రకారుడు కారవాజ్జో గీసిన క్రీస్తు భూస్థాపన చిత్రం ఉంది (1602–04). రోమ్‌లోని కియేసా నువోవా చర్చిలో బలిపీఠం పైన ఉంచడానికి గీసింది ఇది. పూజలో గురువు (ప్రీస్టు) అప్పాన్ని పైకెత్తితే, దాని వెనకే క్రీస్తు దేహం కనబడేది. 'ఇది నా శరీరము' అన్న మాటకు అంతకు మించిన వ్యాఖ్యానం అక్కర్లేదు. మ్యూజియంలో బలిపీఠం లేదు, ఆ లంకె తెగింది. నాలుగడుగులు వెనక్కి వేసి, కింద బలిపీఠం ఉన్నట్టు ఊహించుకొని చూడాలి.

పటాల గ్యాలరీ చివర సిస్టీన్‌కు దగ్గరి దారి అని బాణం కనిపిస్తుంది. అటు తిరిగితే చిత్రకారుడు రఫాయెల్ గోడల మీద బొమ్మలు వేసిన గదులు చూడకుండా పోతాయి. ఆ గదులకు ముందే నిష్కళంక మాత హాలు వస్తుంది. 1854 డిసెంబర్ 8న మరియ జన్మపాపం లేకుండానే తల్లి గర్భంలో పడిందని తొమ్మిదవ పయస్ పోప్ చేసిన విశ్వాస ప్రకటనను చిత్రకారుడు పొదెస్తి అక్కడ గోడల నిండా చిత్రించాడు. పనితనం సాదా, రెండు నిమిషాలు చాలు.

రఫాయెల్ గదుల్లో ఒకటైన హెలియోదోరస్ గదిలో 'బొల్సెనా పూజ' (1512) చూడండి. అప్పం నిజంగా క్రీస్తు శరీరమవుతుందా అని సందేహించిన గురువు చేతిలో, 1263లో, అప్పం నుంచి రక్తం కారి బలిపీఠపు గుడ్డ తడిసిందని సంప్రదాయం. గోడలోకి చొచ్చుకొచ్చిన కిటికీని రఫాయెల్ అడ్డంకి కానివ్వలేదు, దాని చుట్టూ మెట్లు కట్టి బలిపీఠాన్ని పైకెక్కించాడు. గురువుకు ఎదురుగా మోకరిల్లింది తనను ఆ పనికి పెట్టుకున్న రెండవ జూలియస్ పోపే.

పక్క గదిలోని 'దిస్పూతా' (1509–10) అన్నిటికన్నా గొప్పది. పేరుకు వాదం, నిజానికి ఆరాధన. అందరూ ఎదురుగోడ మీది 'ఏథెన్స్ పాఠశాల' వైపు తిరిగి దీనికి వీపు పెడతారు. మీరు ఆ ఎదురుగోడకే ఆనుకొని నిలబడండి. ఎడమ నుంచి కుడికి చదివితే గుంపే కనిపిస్తుంది. పై నుంచి కిందికి చదవండి: తండ్రి, కుమారుడు, పావురంగా పవిత్రాత్మ, బలిపీఠం మీద అప్పం, నాలుగూ ఒకే నిలువుగీతలో. క్రీస్తు చుట్టూ పెద్ద వెలుగు వలయం, పావురం చుట్టూ చిన్నది, అప్పం మరీ చిన్నది. అయినా నేల మీది గీతలన్నీ అటే పరిగెడతాయి. కిందనున్న వేదశాస్త్రుల మధ్య, కుడివైపు లారెల్ ఆకుల కిరీటంతో ఉన్నది కవి దాంతే.

సిస్టీన్‌లో ఫోటోలు తీయనివ్వరు. చిన్న బైనాక్యులర్ ఉంటే మైఖెలాంజెలో గీసిన 'అంతిమ తీర్పు'లో ఎడమవైపు, జపమాల పట్టుకొని పైకి లాగబడుతున్న ఇద్దరిని వెతకండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి, లేకపోతే లోపలికే రానివ్వరు.